పోరంకిలో ఐదో అంతస్తు ఫ్లాట్ చూస్తున్నవాళ్లు కాస్త ఆగండి

విజయవాడ బందరు రోడ్డు వైపు ఫ్లాట్ల కోసం తిరుగుతున్నవాళ్లలో చాలామందికి ఈ బిల్డర్ తెలిసే ఉంటాడు. పేరు రాయడం లేదు. నిన్న సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లో మా అద్దెయింట్లోకి వచ్చాయి. కొంటే పై అంతస్తే కొనాలని ఆ రోజే అనుకున్నాం. పోరంకిలో 501 నంబరు ఫ్లాట్ నచ్చింది, 52 లక్షలు. ఆషాఢం రాకముందే అడ్వాన్స్ ఇస్తేనే ఈ రేటు అన్నారు. 3 లక్షలు ఇచ్చేశాం, అందులో 2 లక్షలు నగదు. ఆ రోజు మా ఆవిడను నోరారా "చెల్లెమ్మా" అని పిలిచి, బాల్కనీలోకి తీసుకెళ్లి, తులసికోట ఎక్కడ పెట్టుకుంటే బాగుంటుందో కూడా ఆయనే చూపించాడు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ సంగతి అడిగాను. చిన్న ప్రాజెక్టు, అక్కర్లేదన్నాడు. అది అబద్ధం కాదు. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోతే రెరా రిజిస్ట్రేషన్ అవసరం లేదు, వీళ్లది 550 గజాలే, అంటే దాదాపు 460 చదరపు మీటర్లు. నేను అక్కడితో ఆగిపోయాను. ఇంకొక్క కాగితం అడిగి ఉంటే సరిపోయేది.

సోమవారం బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, లోన్ ఇవ్వలేమని. మంజూరైన ప్లాన్‌లో ఉన్నది స్టిల్ట్ (పార్కింగ్ కోసం స్తంభాల మీద వదిలే కింది భాగం), దాని మీద నాలుగు అంతస్తులు, అంతే. మేం కొంటున్న ఐదో అంతస్తు ప్లాన్‌లోనే లేదు.

నిన్న ఇద్దరం వెళ్లాం. కూర్చోమని కూడా అనలేదు. ఫోన్ చూసుకుంటూనే "బీపీఎస్‌లో కట్టేస్తే రెగ్యులరైజ్ అయిపోతుంది, అందరూ చేసేదే. బ్యాంకు వద్దంటే వేరే ఫైనాన్స్ చూసుకోండి" అన్నాడు. బీపీఎస్ అంటే ప్లాన్‌కు విరుద్ధంగా కట్టినవాటిని జరిమానా కట్టించుకుని రెగ్యులరైజ్ చేసే పథకం. అడ్వాన్స్ తిరిగి ఇమ్మన్నాను. "మీకు లోన్ రాకపోతే నేనేం చేస్తాను? ప్లాన్ కాపీ మీరు అడగలేదుగా. అడిగితే ఇచ్చేవాణ్ణి."

మా ఆవిడ మెల్లగా అంది, "ఐదో అంతస్తు ఉందా లేదా అని అడగాలా అన్నయ్యగారూ? మెట్లెక్కి వెళ్లి చూశాం కదా." దానికి ఆయన తలెత్తలేదు. గుమ్మం దగ్గర ఇంకో జంట నిలబడి ఉంటే వాళ్లను చూసి లేచాడు. "రండి చెల్లెమ్మా, రండి" అన్నాడు. అదే గొంతు, అదే నవ్వు. మా ఆవిడ బండి దగ్గరికి వచ్చేదాకా ఏడుపు ఆపుకుంది. ఆ జంటకు అక్కడే చెప్పేయాల్సింది. నోరు రాలేదు. అది నన్ను డబ్బు పోయినదానికంటే ఎక్కువగా బాధపెడుతోంది, అందుకే ఇది రాస్తున్నాను.

మొదటిసారి కొనేవాళ్లు అడ్వాన్స్ ఇవ్వకముందే మంజూరైన ప్లాన్ కాపీ అడగండి. అంతస్తులు లెక్కపెట్టి, మీ ఫ్లాట్ అందులో ఉందో లేదో చూడండి. ప్లాన్‌లో ఉన్న ఫ్లాట్ అయినా తాకట్టులో ఉండొచ్చు. ప్లాన్ ఇచ్చేటప్పుడు నిర్మాణంలో కొంత భాగాన్ని అనుమతి ఇచ్చే సంస్థ పేర మార్ట్‌గేజ్ చేయించుకుని ఉండొచ్చు, అలాంటిది ఓసీ (భవనం నివాసానికి సిద్ధమని ఇచ్చే ధ్రువపత్రం) వచ్చాకే విడుదల చేస్తారు. కాబట్టి ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం) తీయించండి, ఓసీ ఎప్పుడొస్తుందో అడగండి. యూడీఎస్ (ఫ్లాట్‌తో పాటు మీ పేర రాసే స్థలం వాటా) ఎన్ని గజాలో కూడా అడగండి. దొంగ అంతస్తు వేస్తే దానికీ అదే స్థలంలోంచి వాటా రాస్తారు, కింద కొన్నవాళ్లకు కూడా నష్టమే. బ్యాంకు లాయరు చూశాకే డబ్బు కట్టండి. లోన్ రాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇస్తానని రాయించుకోండి. నగదు వద్దు. ఇల్లు, స్థలాల అడ్వాన్స్ 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టమే చెబుతోంది. నాకది మా లాయరు చెప్పేదాకా తెలియదు.

ఆ అంతస్తులో మా ఎదురు ఫ్లాట్ 502. దానికి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఇది చదువుతుంటే, ఇక ఒక్క రూపాయి కూడా కట్టకండి. రసీదు, డబ్బు పంపిన వివరాలు జాగ్రత్తగా పెట్టుకోండి. మేం ఈ వారం లాయరు నోటీసు ఇస్తున్నాం. తర్వాత వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. మీరూ కలిసొస్తే బాగుంటుంది, నాకు ఒక్క మాట చెప్పండి.