నాన్నతో బర్మింగ్‌హామ్: కొండ మీద ఇనుప విగ్రహం, కింద చల్లారిన ఫర్నేసు

నాన్న విశాఖ స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు (ఖనిజం నుంచి ఇనుము కరిగించి తీసే పెద్ద కొలిమి) దగ్గర పనిచేసి రిటైరయ్యారు. అక్కడి ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఇప్పటికీ ఆయన వాటి గురించి ఇంట్లో మనుషుల గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు. అందుకే అట్లాంటా వచ్చినప్పుడు అమ్మనీ నాన్ననీ అలబామాలోని బర్మింగ్‌హామ్‌కి తీసుకెళ్లాను. కారులో రెండున్నర గంటలు. అక్కడి టైము గంట వెనక కాబట్టి ఆ రోజు కాస్త పెద్దదవుతుంది.

ముందు రెడ్ మౌంటెన్ అనే కొండ మీదున్న వల్కన్ విగ్రహం. వల్కన్ అంటే రోమన్ల అగ్నిదేవుడు, కమ్మరి దేవుడు. 56 అడుగుల ఎత్తు, అంతా పోత ఇనుమే. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శన కోసం జుసెప్పె మోరెట్టి అనే శిల్పి చేత చేయించారు. ఇనుము తీయడానికి కావలసిన ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ దగ్గర్లోనే దొరకడం వల్ల పుట్టిన ఊరిది, ఆ కొండ ఎరుపు కూడా ఖనిజానిదే. వల్కన్ ఎడమచేతిలో సుత్తి, కుడిచేతిలో పైకెత్తిన బల్లెం మొన. "పని అయ్యాక సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటున్నాడు" అన్నారు నాన్న. ప్రదర్శన అయ్యాక ఈ చేతిలోనే ఐస్‌క్రీమ్ కోన్ పెట్టి ప్రకటనలకు వాడుకున్నారంటే నా మనసు చివుక్కుమంది. తర్వాత లోపల కాంక్రీటు నింపారు. "ఇనుమూ కాంక్రీటూ ఒకేలా వ్యాకోచించవు, పగుళ్లొస్తాయి" అన్నారాయన, బోర్డు చదవకుండానే. అదే జరిగింది. విప్పి, బాగుచేసి, 2004లో పార్కు మళ్లీ తెరిచారు.

విగ్రహం నిలబడ్డ టవర్‌కి లిఫ్టు ఉంది, మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇబ్బంది లేదు. పైన నేల ఇనుప జాలీ, కింద అంతా కనబడుతుంది. అమ్మ గోడ పక్కనుంచి కదల్లేదు.

ఒక్కటే చూసే టైముంటే మాత్రం స్లాస్ ఫర్నేసెస్‌కే వెళ్లండి, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న పాత ఇనుప కర్మాగారం అది. ప్రవేశం ఉచితం. 1882 నుంచి 1971 దాకా ఇక్కడ ఇనుము తీశారు. కరిగిన ఇనుము బయటికి పారించే కాస్ట్ షెడ్‌లో నాన్న గొంతుక్కూర్చుని ఇసుక చేత్తో తీసి చూశారు. హాట్ మెటల్ (కరిగిన ఇనుము) ఎక్కణ్ణించి వచ్చేదో, స్లాగ్ (దాని మీద తేలే మడ్డి) ఎటు మళ్లేదో వేలితో గీసి చూపించారు. అంత వేడిలో మోతబరువు పనులు ఎక్కువగా నల్లజాతి కార్మికులే చేశారు. స్లాస్ కంపెనీ బొగ్గు గనుల్లో ఖైదీలను అద్దెకు తెచ్చి పనిచేయించారు. ఆ పద్ధతి అలబామాలో 1928 దాకా సాగింది. కొండ మీద దేవుణ్ణి నిలబెట్టింది వీళ్ల చెమటే. అందుకే మళ్లీ వెళ్తే ముందు స్లాస్ చూసి, సాయంత్రం వల్కన్ దగ్గరికి ఎక్కుతాను.

రాత్రి డౌన్‌టౌన్‌లో ఒక హోటల్లో ఉన్నాం. గది శుభ్రంగా ఉంది, కానీ పార్కింగ్‌కి వేరే డబ్బులని చెక్-అవుట్ అప్పుడు చెప్పారు. బుక్ చేసేటప్పుడే అడగండి. పులిహోర కట్టుకెళ్లాం కాబట్టి భోజనం టెన్షన్ లేదు.

నాన్న తన షిఫ్టు స్నేహితుల గ్రూపులో విగ్రహం ఫొటో ఒకటి, ఫర్నేసు ఫొటోలు పద్నాలుగు పెట్టారు. "రోజుకి ఎన్ని టన్నులు తీసేవారట?" అని వెంటనే అడిగారు వాళ్లు. అట్లాంటా చేరేదాకా ఆయన వాళ్లకు జవాబులు రాస్తూనే ఉన్నారు.