మెదడులోని రక్తపు గడ్డ తొలగింపు: తొడ దారా, మణికట్టు దారా?

పక్షవాతంలో మెదడు రక్తనాళాన్ని మూసిన రక్తపు గడ్డను లాగే సన్నని గొట్టం, అంటే కాథెటర్‌ను తొడ ధమని నుంచైనా, మణికట్టు ధమని నుంచైనా పంపవచ్చు.

తొడ ధమని వెడల్పైనది కనుక పెద్ద గొట్టాలు సులువుగా పడతాయి. అయితే గుచ్చిన చోట రక్తం చేరి వాపు రావచ్చు, ధమని చిల్లు పక్కన రక్తం నిండిన సంచి (సూడోఅన్యూరిజం) ఏర్పడవచ్చు, అరుదుగా రక్తం పైకి కనిపించకుండా పొత్తికడుపు వెనక భాగంలోకి కారి ప్రాణం మీదికి తేవచ్చు. నా దృష్టిలో భయపడవలసింది ఈ చివరిదానికే.

మణికట్టు ధమనిని ఎముకకు ఆనించి నొక్కితే రక్తం ఆగుతుంది. కానీ దాని వ్యాసం సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లే. అది బిగుసుకుపోవచ్చు, తర్వాత మూసుకుపోవచ్చు. మణికట్టులోని రెండో ధమని అయిన అల్నార్ ఆదుకుంటుంది కాబట్టి చేతికి సాధారణంగా హాని ఉండదు.

మెదడులోని నాళం చిరిగే ముప్పు రెండింటిలోనూ ఉంటుంది.

కాలి ధమనులు పూడినవారికి, గడ్డ మెదడు వెనక భాగానికి రక్తమిచ్చే బేసిలార్ ధమనిలో ఉన్నవారికి మణికట్టు అనుకూలం. పెద్ద బెలూన్ గైడ్ కాథెటర్ (కొన దగ్గరి బెలూన్‌తో రక్తప్రవాహాన్ని ఆపే గొట్టం) కావాలంటే తొడ దారే మేలు.