మత్తు స్ప్రే మూతి మీద నా కోపం

లిగ్నోకెయిన్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 1948లో మార్కెట్‌లోకి వచ్చినప్పటి నుంచి దంతవైద్యులు నమ్ముకున్న మత్తుమందు అది. నా కోపమంతా ఆ మందును 10 శాతం గాఢతతో సీసాలో నింపి, పైన బిగించిన పొడుగాటి మూతి మీద.

గుంటూరు కొత్తపేటలో ఒకే కుర్చీ ఉన్న చిన్న క్లినిక్ నాది. సూది వేసే ముందు చిగురు మొద్దుబారడానికి లిగ్నోకెయిన్ స్ప్రేనూ, 20 శాతం బెంజోకెయిన్ జెల్‌నూ ఏళ్ల తరబడి పక్కపక్కన పెట్టుకుని వాడుతున్నాను. స్ప్రేను తెగ మెచ్చుకున్న రోజులున్నాయి. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన జూనియర్లు అడిగితే మొదట కొనమని చెప్పింది దాన్నే. ఆ మాట ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, షరతులు చాలా కలుపుతాను.

సూది దిగే చోటు అర సెంటీమీటరు కూడా ఉండదు. స్ప్రే నొక్కితే మాత్రం పెళ్లిపందిట్లో పన్నీరు చల్లినట్టు నాలుకకు, బుగ్గకు, కొండనాలుకకు అందరికీ వాటా అందుతుంది. పెద్దవాళ్లకైతే చేదుగా ఉందని మొహం చిట్లించడంతో పోతుంది. పిల్లల దగ్గర లెక్క వేరు. ఒక్కో నొక్కుకు 10 మిల్లీగ్రాముల మందు వస్తుంది. కిలోకు 4.4 మిల్లీగ్రాముల పరిమితి పెట్టుకుంటే 15 కిలోల పిల్లవాడికి మొత్తం 66. అదే మందు రెండు శాతం ఇంజెక్షన్‌గా 1.8 మిల్లీలీటర్లు ఇస్తే 36 అక్కడే అయిపోతాయి. ఇక మిగిలేది మూడు నొక్కులు. పైన చల్లినదంతా రక్తంలోకి పోదన్నది నిజమే, కానీ పసివాళ్ల దగ్గర ఆ భరోసాతో లెక్క వేయడం నాకు ఇష్టం ఉండదు.

ఇక అసలు సంగతి. కట్టుడు పళ్లకు అచ్చు తీయించుకోవడానికి వినుకొండ వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. ట్రే పెదవి దాటగానే ఓకరింత. ఇలాంటి వాళ్లకు స్ప్రే వరమని నేనే అందరికీ చెప్పేదాన్ని, చాలామందికి పనిచేసింది కూడా. అంగిలి వెనుక భాగాన ఒక్కసారి నొక్కాను. మూతి చివరి ప్లాస్టిక్ గొట్టం సరిగ్గా అప్పుడే పక్కకు తిరిగింది. కొత్త సీసాయే, పొద్దున బిగించినప్పుడు గట్టిగానే ఉంది. ధార అంగిలిని వదిలేసి నేరుగా గొంతులోకి పోయింది. నిమిషం తిరగకముందే ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

“డాక్టరమ్మా, గొంతు పూడుకుపోతోంది. గుటక పడటం లేదు.”

శ్వాస బాగానే ఆడుతోంది. వేలికి పెట్టిన ఆక్సిమీటరు 98 చూపిస్తోంది. అయితే గుటక పడిన సంగతి గొంతుకు తెలియనప్పుడు మనిషికి ఆ అంకె ఏం ఓదార్పు? కుర్చీ నిటారుగా లేపాను. “పెద్దమ్మా, మాట వస్తోందంటే గాలి ఆడుతున్నట్టే. నాతో మాట్లాడుతూ ఉండండి” అన్నాను. ఆవిడ మాట్లాడలేదు, ఏడ్చారు. బయట కూర్చున్న కొడుకు పరుగెత్తుకొచ్చి “మా అమ్మకు ఏం చేశారండీ?” అని నిలదీశాడు. ఆ తిమ్మిరి విడిచేసరికి పావుగంట దాటింది. మధ్యలో ఆవిడ మంచినీళ్లు అడిగారు. గొంతు మొద్దుబారి ఉన్నప్పుడు నీళ్లు శ్వాసనాళంలోకి జారవచ్చు కాబట్టి గంటసేపు ఏమీ తాగకూడదన్నాను. మే నెల ఎండలో గుక్కెడు నీళ్లివ్వని డాక్టరుగా ఆ కొడుకు కళ్లలో మిగిలిపోయాను.

ఆశ్చర్యం ఏమిటంటే, ఆవిడ మళ్లీ వచ్చారు. ఈసారి మందు జోలికే పోలేదు. నిటారుగా కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కుతో ఊపిరి పీల్చమని, ఒక కాలు గాలిలో ఎత్తి పట్టుకోమన్నాను. పాత చిట్కాయే. కాలు దించకుండా ఉండాలన్న పట్టుదలలో పడి ఆవిడ ఓకరించడమే మరిచిపోయారు. అచ్చు మొదటిసారికే వచ్చింది.

స్ప్రేతో ఇంకో చిక్కు అందులోని ఆల్కహాల్. మా వైపు గుట్కా నమిలి నమిలి నోరు సరిగా తెరుచుకోని వాళ్లు తరచూ వస్తారు. వాళ్ల నోటి పొరకు కారం తగిలితేనే మంట, గుంటూరులో ఉండి కూర చప్పగా తినాల్సిన దుస్థితి. అలాంటి నోట్లో ఈ స్ప్రే కొడితే మొద్దుబారే లోపు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నోటిపూత ఉన్నవాళ్లకూ అంతే.

ఇప్పుడు స్ప్రేను నోట్లోకి కొట్టడం దాదాపు మానేశాను. చిన్న దూది ఉండ మీద ఒక్కసారి నొక్కి, ఆ దూదిని చిగురు మీద అదిమి పెడతాను. మందు అదే, మూతి బెడద మాత్రం ఉండదు. ఎంత వాడానో లెక్క కూడా చేతిలో ఉంటుంది.

అలాగని జెల్ గొప్పదని కాదు. చిగురును ముందు గాజుగుడ్డతో పొడిగా తుడవకపోతే ఉమ్మిలో కలిసి అదీ గొంతులోకే జారుతుంది. తుడిచి, దూదిపుల్లతో కొద్దిగా రాసి, కనీసం నిమిషం ఆగాలి. ఆ నిమిషం ఆగకుండా మందు పనిచేయలేదనే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. స్ట్రాబెర్రీ వాసన వేసిన రకాలు పిల్లలకు నచ్చుతాయి, నిజమే. ఆ తీపికి నోరూరుతుంది, ఊరిన నీళ్లకు జెల్ కరిగి జారిపోతుంది. అందుకే నేను వాసన తక్కువున్నదే కొంటాను. రోహిణి కార్తెలో కరెంటు పోయిన మధ్యాహ్నాలు జెల్ పలచబడి పుల్ల మీద నిలవదు. ట్యూబును ఫ్రిజ్‌లో పెడితే నిలుస్తుంది గానీ, చల్లటి జెల్ జివ్వుమనే పంటికి తగలకుండా చూసుకోవాలి.

ఏది రాసినా లోపలికి దిగేది రెండు మూడు మిల్లీమీటర్లే. గట్టి అంగిలి మీదైతే అంత కూడా నమ్మకం లేదు. అక్కడ సూది పక్కనే అద్దం పిడితో గట్టిగా నొక్కి పట్టడం నాకు ఏ ట్యూబుకన్నా మేలనిపించింది.

జెల్ విషయంలో ఒక్క గట్టి మాట మాత్రం చెబుతాను. పళ్లు వస్తున్న పసిబిడ్డకు రాయడానికి ట్యూబు ఇవ్వమని తల్లులు అడుగుతుంటారు, నేను ఇవ్వను. బెంజోకెయిన్ అరుదుగానైనా రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని దెబ్బతీస్తుంది, పెదవులు నీలంగా మారతాయి. రెండేళ్ల లోపు పిల్లలకు పళ్ల నొప్పికి దాన్ని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో స్పష్టంగా హెచ్చరించింది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో కట్టుడు పళ్ల పెద్దవాళ్లు, బడి పిల్లలు ఎక్కువ. ఉమ్మి లాగే గొట్టం పట్టుకోవడానికి పక్కన మనిషి ఉండే రోజు ఉంటుంది, ఉండని రోజూ ఉంటుంది. విజయవాడ సూర్యారావుపేటలో ఇద్దరు సహాయకులతో పనిచేసే నా స్నేహితురాలు రోజంతా స్ప్రేనే వాడుతుంది, ఆమెకు ఈ గొడవలేవీ లేవు. గొట్టం వదులవదా అని అడిగితే, కొనగానే తిప్పి చూసి, వదులుగా ఉంటే అప్పుడే వెనక్కి ఇచ్చేస్తానంది. నా సీసాలో ఇంకా సగం మందు ఉంది. అయిపోయాక మళ్లీ కొంటాను, దూది ఉండల కోసమే కాబట్టి ఈసారి చిన్నది.