రాత్రి మంటా, పొద్దుటి మత్తా: నరాల మందుల్లో ఏది మేలు?

నా అరికాళ్ల మంటల సంగతి తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: నరాల మంటకు ప్రీగాబాలిన్ మంచిదా, నార్‌ట్రిప్టిలిన్ మంచిదా? వీళ్లలో చాలామంది విశాఖ మహారాణిపేట ఆసుపత్రుల్లో పరీక్షలన్నీ చేయించుకున్నవాళ్లే. షుగర్ లేదు, బీ12 సరిపడా ఉంది, థైరాయిడ్ బాగుంది, నరాల్లో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో చూసే నెర్వ్ కండక్షన్ టెస్ట్ నార్మల్. చివరికి "మీకేం లేదండీ, టెన్షన్ తగ్గించుకోండి" అనిపించుకుని ఇంటికొస్తారు. కానీ ఆ టెస్ట్ కొలిచేది పెద్ద నరాలనే. నొప్పినీ, వేడి చల్లదనాలనూ చేరవేసే సన్న నరాలు దానికి అందవు. రిపోర్టు నార్మల్‌గా ఉన్నా మంట నిజమే. కారణం తేలకపోయినా మంటకు మందు వాడుకోవచ్చు.

డాక్టర్లు ముందుగా రాసేవి అమిట్రిప్టిలిన్ లేదా దాని దగ్గర చుట్టం నార్‌ట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్. మంట తగ్గించడంలో వీటి మధ్య కొండంత తేడా లేదు. ఒకరికి బాగా పట్టిన మందు ఇంకొకరికి అస్సలు పట్టకపోవచ్చు. అందుకే మర్నాడు పొద్దున మీరు ఎలా ఉండాలో చూసుకుని మందు ఎంచుకోవాలంటాను. గాజువాక నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా బండి నడుపుకుంటూ డ్యూటీకి వెళ్లే మనిషికి పొద్దుటి మత్తు చిన్న విషయం కాదు.

ప్రీగాబాలిన్ త్వరగా పనిచేస్తుంది, మోతాదు పెంచడం తేలిక. నాకూ మంట తగ్గింది. కానీ తల తూలేది, రెయిలింగ్ పట్టుకోనిదే మెట్లు దిగలేకపోయేదాన్ని. బరువు పెరగడం, పాదాలు వాయడం కూడా దీనితో మామూలే. కిడ్నీలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు నేను వాడుతున్నది నార్‌ట్రిప్టిలిన్ 10 మి.గ్రా., రాత్రి ఒక్కటే. దుప్పటి అంచు తగిలితే చురుక్కుమనే పాదాలతో నిద్ర పట్టకపోవడమే నా అసలు బాధ. ఈ మందు నిద్రనూ మంటనూ కలిపి చూసుకుంటుంది. అమిట్రిప్టిలిన్ కంటే దీనికి మత్తు తక్కువ. దిగులు జబ్బుకు వచ్చిన మందు కదా అని భయపడేవాళ్లున్నారు, మంటకు ఇచ్చే మోతాదు దిగులుకు ఇచ్చేదానికంటే చాలా తక్కువ. నోరెండుతుంది, మలబద్ధకం వస్తుంది. గుండె లయ సరిగా లేనివాళ్లకు, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లకు, గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకు, ప్రోస్టేట్ వల్ల మూత్రం ఆగేవాళ్లకు ఇది సరిపడదు. పెద్ద వయసువాళ్లయితే ముందు ఈసీజీ తీయించుకోవాలి.

మంటతో పాటు మనసు కూడా కుంగిపోయి ఉంటే డ్యులోక్సెటిన్ మేలు. మొదట్లో వికారం పెడుతుంది, తిన్నాక వేసుకుంటే కాస్త నయం. లివర్ జబ్బు ఉన్నవాళ్లకు, ఎక్కువగా మద్యం తాగేవాళ్లకు వద్దు. గాబాపెంటిన్ రోజుకు మూడుసార్లు వేసుకోవాలి, గ్యాస్ మందు తాగితే రెండు గంటలు ఆగాలి.

నాకు గట్టిగా అభ్యంతరం ఉన్నది మొదట్లోనే ఇచ్చే కలిపిన బిళ్లల మీద. ప్రీగాబాలిన్, నార్‌ట్రిప్టిలిన్, మిథైల్‌కోబాలమిన్ (బీ12లో ఒక రకం) ఒకే మాత్రలో ఉంటే, తల తిరిగినా మంట తగ్గినా అది దేనివల్లో ఎలా తెలుస్తుంది? విడిగా ఒకటి, తక్కువ మోతాదుతో రాయమని డాక్టరు గారిని అడగండి. నరాల బలానికంటూ షాపులో కొనుక్కునే మాత్రల్లో బీ6 ఎంతుందో కూడా చూడండి. బీ6 ఎక్కువ మోతాదులో చాన్నాళ్లు వాడితే అదే తిమ్మిర్లు తెప్పిస్తుంది.

ఏ మందైనా సరిపడా మోతాదుకు చేరాక కొన్ని వారాలు చూడాలి. అప్పటికీ గుణం లేకపోతే డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించుకుంటూ ఇంకోదానికి మారాలి. వీటిలో దేన్నీ ఉన్నట్టుండి ఆపకూడదు.