నిరామయ బీమా: తిరుపతిలో మామూలు వైద్యానికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

మేధోవైకల్యం ఉన్న మనిషికి ఆరోగ్యబీమా కావాలంటే మామూలు పాలసీల్లో సవాలక్ష కొర్రీలు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు నడిపే నిరామయ బీమాలో ఆ తలనొప్పి లేదు. వయసు అడ్డు కాదు, చేరే ముందు వైద్య పరీక్షలు లేవు, ఏడాదికి లక్ష రూపాయల దాకా రక్షణ. చేరడానికి బీపీఎల్ కుటుంబమైతే 250 రూపాయలు, కాకపోతే 500. ఆ తర్వాత ఏటా కొనసాగించడానికి 50 లేదా 250. ఈ ధరకు ఇంతకన్నా అడగలేం.

అయితే ఈ కార్డు చూపిస్తే కౌంటరులో డబ్బు అడగరు అనుకుంటే పొరపాటే. ముందు మన జేబులోంచి కట్టాలి, తర్వాత బిల్లులు పంపి తిరిగి రాబట్టుకోవాలి. ఆసుపత్రుల జాబితా అంటూ లేకపోవడం ఇందులో ఉన్న సుఖం: రేణిగుంట రోడ్డులో పళ్ల డాక్టరైనా, చిత్తూరులో పిల్లల డాక్టరైనా, ఎక్కడ చూపించుకున్నా క్లెయిముకు పనికొస్తుంది. అసలు విలువ మరోచోట ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత చికిత్స పథకమైన ఎన్టీఆర్ వైద్యసేవ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు పనికొస్తుంది. నిరామయ ఓపీ ఫీజుకు, మందులకు, రక్తపరీక్షలకు, పళ్ల వైద్యానికి, థెరపీకి కూడా డబ్బిస్తుంది. పెద్ద జబ్బు వచ్చినప్పుడు చూద్దాంలే అని బీరువాలో పెట్టేవాళ్లకు ఈ కార్డు దండగ. ఏటా చెకప్‌కు, పళ్లకు వాడుకునేవాళ్లకే లాభం.

లక్ష అనగానే మొత్తం ఒకేచోట ఖర్చు పెట్టుకోవచ్చని కాదు. ఆసుపత్రిలో చేరడానికి ఒక భాగం, ఓపీకి ఒకటి, థెరపీకి ఒకటి, ఆయుర్వేదం లాంటి వాటికి ఇంకొకటి, రాకపోకలకు చిన్న మొత్తం, ఇలా విడివిడి పరిమితులున్నాయి. థెరపీ డబ్బు అయిపోతే ఆసుపత్రి భాగంలోంచి తీసి ఇవ్వరు. చేరేటప్పుడు ఆ ఏడాది పట్టిక ఒక ప్రింటు తీసి ఫైలులో పెట్టుకోండి.

ఎవరికి వర్తిస్తుందో ముందే చూసుకోవాలి, ఇక్కడ చాలామంది తికమకపడతారు. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికే నిరామయ. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు మేధోవైకల్యం కింద వస్తారు. చదవడం, రాయడం, లెక్కల్లో మాత్రమే ఇబ్బంది ఉండే డిస్లెక్సియా వంటివి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఉన్నా, నేషనల్ ట్రస్టు చట్టం 1999 కింద లేవు. కాబట్టి వాళ్లకు ఈ కార్డు రాదు.

కావలసినవి వైకల్య ధ్రువపత్రం (రాష్ట్రంలో ఇచ్చే సదరం సర్టిఫికెట్ లేదా దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు), ఆధార్, చిరునామా రుజువు, ఫొటో, బ్యాంకు పాస్‌బుక్, బీపీఎల్ అయితే దాని రుజువు. నేషనల్ ట్రస్టు దగ్గర నమోదైన సంస్థల ద్వారా దరఖాస్తు చేస్తే ఫారం తప్పుల్లేకుండా వెళ్తుంది. సదరం సర్టిఫికెట్ ఇంకా లేనివాళ్లు గ్రామ లేదా వార్డు సచివాలయంలో స్లాటు పెట్టించుకోవడం దగ్గర మొదలుపెట్టాలి. పద్దెనిమిది దాటినవాళ్లకు సంరక్షకుల పత్రం అవసరమైతే అది కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ ఇస్తుంది. తల్లిదండ్రులైనా సరే, పిల్లవాడు మేజరయ్యాక చట్టప్రకారం వాళ్లంతట వాళ్లే సంరక్షకులైపోరు. ఓపీ చీటీకి ఈ పత్రం ఎవరూ అడగరు గానీ బ్యాంకులోను, పెద్ద ఆపరేషన్ సంతకం దగ్గర అడుగుతారు.

ఇక క్లెయిములు ఎక్కడ ఆగిపోతాయంటే, మొదటిది పేరు. మన జిల్లాల్లో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట చివర, ఒకచోట మొదట ఉంటుంది. ఆధార్, సదరం, నిరామయ, పాస్‌బుక్ నాలుగింటిలోను ఒకే అక్షరక్రమం లేకపోతే తర్వాత తిప్పలే. కార్డు తీసుకోకముందే సరిచేయించుకోండి. రెండోది మందుల బిల్లు. షాపువాళ్లు అలవాటు కొద్దీ కొనేవాళ్ల పేరు రాస్తారు. పేషెంటు పేరు, డాక్టరు పేరు, తేదీ, బిల్లు నంబరు ఉన్న బిల్లు అడగాలి, తెల్లకాగితం మీద అంకెలు వేసి ఇచ్చే చీటీ చెల్లదు. మూడోది డాక్టరు ఫీజు: క్లినిక్కులో టోకెను మాత్రమే ఇచ్చి రసీదు ఇవ్వకపోతే ఆ డబ్బు పోయినట్టే. ప్రిస్క్రిప్షన్ మీద తేదీ, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, పరీక్షలు రాస్తే అవి ఎందుకో ఒక్క ముక్క ఉండాలి. ఫిట్స్ మందుల లాంటివి ఏళ్ల తరబడి పాత చీటీ మీదే కొంటుంటారు. కొత్త చీటీ రాయించుకుంటే గానీ ఆ బిల్లులకు ఆధారం ఉండదు. థర్మల్ కాగితం మీద వచ్చే బిల్లు కొన్ని నెలల్లో తెల్లబోతుంది, ఆ రోజే జిరాక్సు తీసి రెండూ కలిపి పెట్టండి. స్పీచ్ థెరపీ బిల్లుల మీద ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నంబరు ఉండేట్టు చూసుకోండి. ఫిజియోథెరపిస్టులు ఆర్‌సీఐ కిందికి రారు, వాళ్లను ఆ నంబరు అడిగి ఇబ్బంది పెట్టక్కర్లేదు.

సరే, డబ్బు వస్తుంది. దేనికి ఖర్చుపెట్టాలి? ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. నొప్పి ఎక్కడో చెప్పలేని మనిషి చెంప వాయించుకుంటే, అన్నం తోసేస్తే, రాత్రిళ్లు అరిస్తే "వాడి తీరే అంత" అనుకోవడం ఇంట్లోనూ ఉంది, డాక్టర్ల గదుల్లోనూ ఉంది. చెంప వాయించుకోవడం వెనక పుచ్చిపన్నో, చెవిలో గుబిలో ఉండొచ్చు. తిండి తోసేయడం వెనక మలబద్ధకమో, ఛాతీలో మంటో ఉండొచ్చు. ప్రవర్తనలో హఠాత్తుగా వచ్చిన మార్పును పళ్లు, చెవులు, గొంతు, కడుపు, మూత్రం వెతికాకే మనసుకు అంటగట్టాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు "అల్లరి ఎక్కువైంది" అని కాకుండా "పది రోజులుగా ఎడమ చెంప కొట్టుకుంటున్నాడు, గట్టి పదార్థం నమలడం లేదు" అని రాసిచ్చిన కాగితం తీసుకెళ్లండి.

ఏటా చేయించాల్సిన చెకప్‌లో బరువు, బీపీ, చూపు, వినికిడి, చెవి గుబిలి, పళ్లు, మలబద్ధకం, అమ్మాయిలకు నెలసరి సంగతి ఉండాలి. డౌన్ సిండ్రోమ్ ఉంటే థైరాయిడ్ (టీఎస్‌హెచ్) ఏటా తప్పనిసరి, ఎందుకంటే మందకొడితనం, బరువు పెరగడం, చర్మం పొడిబారడం అన్నీ "ఆ సిండ్రోమ్‌దే" అని వదిలేస్తే థైరాయిడ్ లోపం దాక్కుంటుంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది కనుక ఎకో (గుండె స్కాను) పుట్టగానే చేయించాలి. వీళ్ల మెడలో పై రెండు ఎముకల దగ్గర వదులు ఉండొచ్చు. మత్తు ఇచ్చే ముందు, పళ్ల కుర్చీలో తల వెనక్కి వంచే ముందు ఆ మాట డాక్టరుకు చెప్పి తీరాలి. నడకలో కొత్తగా తేడా, చేతుల్లో పట్టు తగ్గడం, ఉన్నట్టుండి మూత్రం ఆపుకోలేకపోవడం కనిపిస్తే ఏడాది చెకప్ దాకా ఆగకూడదు.

మందులు వాడుతుంటే వాటి లెక్క వేరు. ఫిట్స్ మందు ఫెనిటోయిన్ వాడేవాళ్లకు చిగుళ్లు ఉబ్బొచ్చు, పళ్ల డాక్టరుకు మందు పేరు చెప్పాలి. ఇంకో ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ అయితే లివరు, ప్లేట్‌లెట్లు, బరువు చూసుకోవాలి. ప్రవర్తన అదుపుకు ఇచ్చే రిస్పెరిడోన్ అయితే బరువు, షుగరు. ఏళ్ల తరబడి తీపి సిరప్ తాగేవాళ్లకు పళ్లు పుచ్చడం మామూలే, మాత్రగానో చక్కెర లేని సిరప్‌గానో మార్చమని అడగొచ్చు. ఖాళీ కడుపు పరీక్ష అన్నారని పొద్దుటి ఫిట్స్ మాత్ర ఆపేయడం పెద్ద పొరపాటు. ఎలా ఇవ్వాలో రాసిన డాక్టరునే అడగండి. మందు మోతాదు రక్తంలో ఎంతుందో చూసే పరీక్షకు మాత్రం సాధారణంగా పొద్దుటి డోసుకు ముందే రక్తం తీస్తారు.

రక్తం తీయడమే అందరికీ గండం. చర్మాన్ని మొద్దుబార్చే లిగ్నోకైన్-ప్రైలోకైన్ క్రీము డాక్టరును అడిగి రాయించుకుని, రెండు మోచేతుల మడతల దగ్గర గంట ముందు పూసి, పైన అతికే ప్లాస్టిక్ పొర వేయాలి. పది నిమిషాల ముందు పూస్తే పని చేయదు, తర్వాత క్రీమునే తిడతారు. ఆ ఏడాదికి కావలసిన పరీక్షలన్నీ ఒకే చీటీ మీద రాయించి ఒకే పోటుతో కానిచ్చేయాలి. ల్యాబు మనిషిని ఇంటికి పిలిస్తే క్యూ బాధ తప్పుతుంది గానీ పడుకునే గదిలో మాత్రం తీయించకండి, ఆ గది అంటేనే భయపడతారు. బీపీ పట్టీ, టార్చి వెలుగు, నోరు తెరవడం ఇంట్లో వారం రోజులు ఆటలా అలవాటు చేయించాకే క్లినిక్కుకు వెళ్లడం మేలు.

తిరుపతిలో ఎక్కడికి? రుయా ప్రభుత్వాసుపత్రిలో ఓపీ ఉచితం, పిల్లల వైద్యం, మానసిక వైద్యం, చెవి-ముక్కు-గొంతు, కళ్ల విభాగాలు ఒకేచోట ఉంటాయి. ఖర్చే లేనిచోట క్లెయిమూ ఉండదు, బయట కొన్న మందులకే నిరామయ. థైరాయిడ్, ఫిట్స్ లాంటివాటికి స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ (హార్మోన్లు), న్యూరాలజీ (నరాలు) విభాగాలు ఉన్నాయి. సెరెబ్రల్ పాల్సీలో కాళ్లూ చేతులూ బిగుసుకుపోతే బర్డ్ ఎముకల ఆసుపత్రి. చిన్నపిల్లల గుండెకు శ్రీ పద్మావతి చిల్డ్రన్స్ హార్ట్ సెంటర్. కొండకు జనం విరగబడే సెలవుల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు ఆటోలో ప్రయాణమే పిల్లవాణ్ని అలసగొడుతుంది. మామూలు చెకప్ అయితే ఆ రోజులు వదిలేయండి.

క్యూ సంగతి. 2016 చట్టం 25వ సెక్షను ప్రకారం ఆసుపత్రుల్లో దివ్యాంగులకు పరీక్షలోను, చికిత్సలోను ప్రాధాన్యం ఇవ్వాలి. కౌంటరు దగ్గర గొడవపడితే ఫలితం తక్కువ. యూడీఐడీ కార్డు చూపించి, "ఈయన ఎక్కువసేపు కూర్చోలేరండి, ముందు చూడాలని చట్టంలో ఉంది" అని నర్సుకో సూపరింటెండెంట్ ఆఫీసుకో మెల్లగా చెబితే చాలావరకు సర్దుతారు. ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) యాప్‌తో స్కాన్ చేసి టోకెను తీసుకునే వీలున్నచోట చీటీ లైను తప్పుతుంది. ఒకరు బయట చెట్టుకింద మనిషితో ఉండి, ఇంకొకరు లోపల నిలబడితే పని నడుస్తుంది, కానీ ఒక్కరే వెంట వచ్చే తల్లులకు ఇది కుదరదు. బీమా పథకం ఈ లోటును ఏమాత్రం తీర్చదు.

పాలసీ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. డిసెంబరులో చేరినా మార్చితోనే ముగుస్తుంది. కాబట్టి కొత్తగా చేరేవాళ్లు వేసవి మొదట్లోనే చేరడం లాభం, పాతవాళ్లు మార్చిలోనే కొనసాగింపు కట్టేయాలి. పళ్ల క్లీనింగు, టీఎస్‌హెచ్ లాంటివి జనవరి లోపు పూర్తిచేసుకుంటే, బిల్లుల్లో తప్పు దొర్లినా సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది.