సర్వర్ మార్చి రెండేళ్లు దాటింది, ఇప్పుడు చెప్పగలను

మార్చిన వారానికే సమీక్ష రాసేద్దామనుకున్నాను గానీ, కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి కదా అని ఆగాను. ఇప్పుడు రెండేళ్లు దాటింది. ఈలోగా డేటా పెరిగింది, వాడేవాళ్లు పెరిగారు, ఒకట్రెండు సార్లు చేతులు వణికినంత పనయింది కూడా. మార్చాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకి ఇప్పుడైతే ఏదైనా గట్టిగా చెప్పగలను.

మాది పాత పుస్తకాల కేటలాగ్. పదిహేను మంది వాలంటీర్లం, తీరిక దొరికినప్పుడల్లా పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం, ఏ లైబ్రరీలో ఉందో ఆ వివరాలన్నీ ఎక్కిస్తుంటాం, కావలసినవాళ్లు వచ్చి వెతుక్కుంటారు. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మీద నడిచే మామూలు అప్లికేషన్. పదేళ్లపాటు ఒక షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునే చోట ఉంది. మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. డేటా పెరిగేకొద్దీ నెమ్మదించి, చివరి రెండేళ్లలో సాయంత్రం ఏడు దాటిందంటే చాలు, వెతుకు బటన్ నొక్కి కూర్చోవడమే, చక్రం తిరుగుతూనే ఉండేది. మాలో అందరికన్నా పెద్దావిడ, రిటైరైన టీచర్, ఒకరోజు ఫోన్ చేసి, "బాబూ, నేనిప్పుడు ప్రతి పుస్తకం ముందు నోట్‌బుక్‌లో రాసుకుని తర్వాత ఎక్కిస్తున్నాను, సేవ్ నొక్కాక పోయిందనుకో, మళ్లీ టైప్ చేసుకోవడానికి ఉంటుంది" అన్నారు. ఆవిడ ఫిర్యాదు చేయలేదు, సర్దుకున్నానని చెప్పారంతే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎవరిని అడిగినా ఎక్కువ కోర్లున్న, అంటే ప్రాసెసర్ బలం ఎక్కువున్న సర్వర్ తీసుకోమన్నారు. కొనేముందు ఒక చిన్న పని చేశాను, దానివల్లే సరైన దారిలో పడ్డాను. మొత్తం డేటాబేస్ కాపీ నా ల్యాప్‌టాప్‌లో పెట్టి అదే వెతుకులాట నడిపాను. అక్కడ తొమ్మిది సెకన్లు పట్టేది ఇక్కడ ఒక సెకను లోపే వచ్చేసింది. నా ల్యాప్‌టాప్ ప్రాసెసర్ ఏమంత గొప్పది కాదు, దాంట్లో ఉన్నదల్లా ఎస్ఎస్‌డీ, తిరిగే భాగాలు లేని ఫ్లాష్ డిస్కు. హోస్టింగ్ వాళ్లని అడిగితే వాళ్లవి ఇంకా తిరిగే హార్డ్ డిస్కులేనని చెప్పారు. అప్పుడు లెక్క అర్థమైంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు పడుతుంది, కావలసిన చోటు చదివే తల కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం, దానికితోడు తల కదలడానికి ఇంకొంత. ఎంత చేసినా చెల్లాచెదురుగా ఉన్న డేటాని సెకనుకి వంద సార్ల దాకా చదవగలదు, అంతే. ఆ వందని కూడా అదే మెషిన్ మీదున్న ఎన్ని సైట్లు పంచుకుంటున్నాయో. కోర్లు ఎన్ని పెంచినా ఆ క్యూ కదలదు.

అందుకని తీసుకున్నది నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్, ఎన్‌వీఎమ్‌ఈ డిస్కు (వేగమైన రకం ఎస్ఎస్‌డీ) ఉన్న వీపీఎస్, అంటే పెద్ద మెషిన్‌లో మనకంటూ విడిగా ఇచ్చే వాటా. ప్రకటనల్లో సెకనుకి ఇన్ని వేల మెగాబైట్లు అని రాస్తారు గానీ డేటాబేస్‌కి దానితో పెద్దగా పని లేదు. దానికి కావలసింది చిన్న చిన్న రీడ్‌లు చాలా ఒకేసారి జరగడం. డిస్కుని మెషిన్‌కి కలిపే పాత సాటా పద్ధతిలో ఒకటే క్యూ, అందులో 32 కమాండ్లు. ఎన్‌వీఎమ్‌ఈని మొదట్నుంచీ ఫ్లాష్ కోసమే రాశారు కాబట్టి క్యూలు వేలల్లో పెట్టుకోవచ్చు. పదిమంది ఒకేసారి వెతికినప్పుడు ఒకరి వెనక ఒకరు నిలబడాల్సిన పని లేకపోవడం మాకు మొదటిరోజే తెలిసిపోయింది.

అయితే అసలు లాభంలో సగం ఒక్క లైన్ సెట్టింగ్ వల్ల వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ బఫర్ పూల్ అని ఉంటుంది, డేటాని ర్యామ్‌లో ఉంచుకునే చోటు. మనం ముట్టుకోకపోతే అది 128 ఎంబీ దగ్గరే ఉంటుంది. మా డేటా అంతా కలిపి 3 జీబీ. దాన్ని 4 జీబీ చేశాను, ఇక డేటా మొత్తం ర్యామ్‌లోనే కూర్చుంది, వెతకడానికి డిస్కు దాకా వెళ్లే అవసరమే దాదాపు పోయింది. పెద్ద ప్లాన్‌కి మారబోయేవాళ్లు ముందు ఈ ఒక్కటి చూసుకోండి, సర్వర్ మార్చే పనే తప్పిపోవచ్చు. షేర్డ్ హోస్టింగ్‌లో ఇది మన చేతిలో ఉండదు, అది వేరే విషయం.

ఇక మార్చడం సంగతి. మాది పీహెచ్‌పీ 5.6 మీద ఉండేది, దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు 2018 డిసెంబర్ 31తోనే ఆగిపోయాయి. కొత్తదాంట్లో అప్పుడు 8.1 పెట్టాను. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 7.0లోనే తీసేశారు, మా కోడ్ నిండా అవే, వాటిని పీడీవోకి (డేటాబేస్‌తో మాట్లాడే కొత్త పద్ధతి) మార్చడానికే మూడు వారాలు పట్టింది. ఆ శ్రమకి ఫలితం ఉంది, 7 నుంచీ పీహెచ్‌పీ బాగా వేగం అందుకుంది, సర్వర్ సంగతి పక్కన పెట్టినా తేడా కనిపిస్తుంది.

మూడు వారాలూ ఒక ఎత్తు, అక్షరాలు ఒక ఎత్తు. రిహార్సల్ కోసం డేటా ఎక్కించి పేజీ తెరిస్తే తెలుగు ఒక్క ముక్క లేదు. తల మీద వాలు గీత ఉన్న లాటిన్ 'ఎ' (à), దాని పక్కన డిగ్రీ గుర్తు, ఆ పక్కన ఏదో చెత్త, మళ్లీ 'ఎ', ఈసారి ప్లస్-మైనస్ గుర్తు, పేజీ పొడుగునా ఇదే. పదేళ్ల పని అంతా పోయిందనుకున్నాను. నిదానంగా చూస్తే అందులో ఒక క్రమం ఉంది. యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా రాసే పద్ధతిలో, తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, ఏదైనా సరే ఒక్కొక్కటి మూడు బైట్లు. మొదటి బైట్ ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. వాటిని లాటిన్‌గా చదివితే సరిగ్గా ఈ 'ఎ', ఈ డిగ్రీ, ఈ ప్లస్-మైనస్ వస్తాయి. అంటే బైట్లు భద్రంగానే ఉన్నాయి, వాటిమీద ఉన్న లేబులే తప్పు. పదేళ్ల కింద టేబుళ్లు చేసినప్పుడు లాటిన్1 (పడమటి యూరప్ భాషల అక్షరాల పద్ధతి) అని వదిలేశాం, అప్లికేషన్ అందులో తెలుగు రాసుకుంటూ పోయింది, చదివేటప్పుడూ అదే దారిన చదివింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. విరుగుడు కూడా అక్కడే ఉంది. డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైల్‌గా, అంటే డంప్‌గా తీసేటప్పుడు క్యారెక్టర్ సెట్ (అక్షరాల పద్ధతి) లాటిన్1 అనే చెప్పి, బైట్లను ఉన్నవి ఉన్నట్టు బయటికి తెచ్చి, ఫైల్లో ఆ లేబుళ్లను యూటీఎఫ్8ఎంబీ4గా (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు ఇదే) మార్చి ఎక్కించాలి. రెండో ప్రయత్నంలో మొదటి శీర్షిక తెలుగులో కనిపించినప్పుడు కళ్లు చెమర్చాయి.

కానీ ఎక్కించేటప్పుడే ఇంకో సంగతి బయటపడింది. కొన్ని శీర్షికలు మధ్యలో తెగిపోయి, చివర ప్రశ్నార్థకం ఉన్న డబ్బా గుర్తు వచ్చింది. తెగింది కొత్త సర్వర్‌లో కాదు, ఎప్పుడో పాతదాంట్లోనే. లాటిన్1లో 255 అక్షరాల గడి అంటే 255 బైట్లే, తెలుగుకి మూడేసి చొప్పున 85 అక్షరాలు. గుణింతాలు, ఒత్తులు కూడా అందులోనే లెక్క. పాత పుస్తకాలకి పొడవాటి పేర్లు పెట్టేవాళ్లు, ఆ గడిలో పట్టనివన్నీ పాత మైఎస్‌క్యూఎల్ ఒక్క మాట చెప్పకుండా కోసేసి దాచుకుంది. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాని ఒప్పుకోని పద్ధతి) మామూలైంది కాబట్టి ఇప్పుడైతే ఎర్రర్ ఇస్తుంది. లెక్కపెడితే నాలుగు వందల పైచిలుకు తేలాయి.

మార్చిన రాత్రి మాత్రం ప్రశాంతంగా గడిచింది, రిహార్సల్ రెండుసార్లు చేయడం వల్ల. సైట్ పేరుకి సర్వర్ అడ్రస్ చెప్పేది డీఎన్‌ఎస్, ఆ జవాబుని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పేది టీటీఎల్. అది 86400 సెకన్లు ఉండేది, రెండు రోజుల ముందే 300కి తగ్గించాను. బొమ్మలన్నీ ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో ముందు వారమే కాపీ అయ్యాయి, ఆ రాత్రి మిగిలింది తేడాలే. పాతదాన్ని చదవడానికి మాత్రమే ఉంచి, చివరి డంప్ తీసి, కొత్తదాంట్లో ఎక్కించి, అడ్రస్ మార్చాను. నలభై నిమిషాలు. టీటీఎల్ తగ్గించినా కొందరు మర్నాడు సాయంత్రం దాకా పాతదానికే వెళ్లారు, అందుకే పాతదాన్ని వెంటనే ఆపకండి, అందులో రాయనివ్వకండి కూడా.

నేను మర్చిపోయింది మెయిల్. కొత్త ఐపీకి (సర్వర్ నంబరుకి) రివర్స్ డీఎన్‌ఎస్, అంటే ఆ నంబరు ఏ పేరుదో చెప్పే రికార్డు పెట్టలేదు, మా పేరుతో ఎవరు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో ఇంకా పాత ఐపీయే ఉంది. పాస్‌వర్డ్ మార్చుకునే మెయిళ్లన్నీ వారంపాటు స్పామ్‌లోకి వెళ్లాయి, ఇద్దరు కొత్త వాలంటీర్లు లోపలికి రాలేక ఊరుకున్నారు. ఇది నా తప్పే, వాళ్లకి క్షమాపణ చెప్పుకున్నాను.

రెండేళ్ల వాడకంలో నాకు బాగా నచ్చింది వేగం ఒక్కటే కాదు, ఆ వేగం నిలకడగా ఉండటం. పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే. ఒక్కసారి, పద్నాలుగో నెలలో అనుకుంటా, సాయంత్రాలు మళ్లీ బరువెక్కాయి. సర్వర్ ఎంత పనిలో ఉందో చూపే టాప్ కమాండ్‌లో స్టీల్ అనే అంకె ఉంటుంది, మామూలుగా సున్నా దగ్గర ఉండాల్సింది పది దాటుతోంది. మన ప్రాసెసర్ సమయాన్ని అదే మెషిన్ మీదున్న పక్కవాళ్లు తినేస్తున్నారని అర్థం. స్క్రీన్‌షాట్ పెట్టి రాస్తే వేరే మెషిన్‌కి మార్చారు, ఆ తర్వాత మళ్లీ రాలేదు. వీపీఎస్ అంటే కూడా పంచుకోవడమేనని గుర్తుంచుకోవాలి, డిస్కు ఎంత మంచిదైనా ఇది తప్పదు.

ఇంకోటి, వేగమైన సర్వర్ చెడ్డ క్వెరీని (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నని) దాచేస్తుంది. రచయిత పేరులో ఏ ముక్కతోనైనా వెతికే మా క్వెరీకి ముందూ వెనకా పర్సెంట్ గుర్తులు (అక్కడ ఏ అక్షరాలైనా ఉండొచ్చని అర్థం) ఉండేవి, అలా ఉంటే వెతుకులాటని తొందరగా ముగించే ఇండెక్స్ పనిచేయదు, టేబుల్ అంతా చదవాల్సిందే. ర్యామ్‌లో ఉంది కాబట్టి ఏడాదిపాటు కనబడలేదు, డేటా పెరిగాక బయటపడింది. ఆలస్యమైన క్వెరీలను రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్‌లో గడువు మామూలుగా 10 సెకన్లు ఉంటుంది, నేను అర సెకను చేసి వారానికోసారి చూస్తున్నాను.

అన్నిటికన్నా భయపెట్టింది ఎనిమిదో నెల. బ్యాకప్ ఫైళ్లు చూస్తే పదకొండు రోజులుగా అన్నీ సున్నా బైట్లు. డిస్కు నిండిపోయింది. మైఎస్‌క్యూఎల్ 8.0లో డేటాలో ప్రతి మార్పునీ రాసుకునే బైనరీ లాగ్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది, 30 రోజులు దాచుతుంది, నాకు ఆ సంగతే తెలియదు. ఆ పదకొండు రోజుల్లో ఏదైనా జరిగుంటే చేతిలో ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు లాగ్ మూడు రోజులే, బ్యాకప్ వేరే చోటికి వెళ్తుంది, నెలకోసారి దాన్ని నిజంగా రీస్టోర్ చేసి పేజీ తెరిచి చూస్తాను. షేర్డ్ హోస్టింగ్‌లో ఇవన్నీ వాళ్లు చూసేవాళ్లు. వారానికి ఒక గంట దీనికి ఇవ్వలేనివాళ్లు సొంత వీపీఎస్ జోలికి వెళ్లొద్దనే చెబుతాను, సర్వర్ పనులు వాళ్లే చూసుకునే మేనేజ్డ్ ప్లాన్ తీసుకోండి.

దూరంగా ఉన్నవాళ్లకి మాత్రం పెద్దగా మారలేదు. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకి 200 కిలోమీటర్లు వెళ్తుంది, పది వేల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చేవాళ్లకి పోనూ రానూ వంద మిల్లీసెకన్లు దారిలోనే పోతాయి. బ్రౌజర్, సర్వర్ గుట్టుగా మాట్లాడుకునే టీఎల్ఎస్ పద్ధతిలో 1.3 పెట్టాక కనెక్షన్‌కి ఒక రాకపోక తగ్గింది. అంతకు మించి సర్వర్ చేయగలిగింది లేదు, వాడేవాళ్లు ఎక్కువ ఎక్కడుంటే అక్కడ పెట్టుకోవడమే.

ఆ తెగిపోయిన నాలుగు వందల శీర్షికల్లో చాలావాటికి మళ్లీ లైబ్రరీకి వెళ్లి పుస్తకం చూడాల్సి వస్తుందనుకున్నాం. టీచరుగారు తన నోట్‌బుక్కులు పట్టుకొచ్చారు. పోతుందేమోనన్న భయంతో రాసుకున్నవి, పూర్తి పేరు, తేదీతో సహా. రెండు వందల ముప్ఫై దాకా అందులోనే దొరికాయి. ఇప్పుడు ఆవిడ నేరుగా స్క్రీన్ మీదే టైప్ చేస్తున్నారు, సేవ్ నొక్కితే కన్నార్పేలోగా అయిపోతోందట. మిగతావి ఒక్కొక్కటే సరిచేస్తున్నాం, ఇంకా తొంభై ఉన్నాయి.