పార్కు గేటు దగ్గర తలలు లెక్కపెట్టే డబ్బా: రెండేళ్లు వాడాక

మద్రాసులో వడపళని దగ్గర మా పార్కుకి పొద్దున పూట ఎంతమంది వస్తారని అడిగితే, మా వాకర్స్ సంఘంలో ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పేవాళ్లు. సెక్రటరీగారి లెక్కలో వెయ్యి. నా లెక్కలో మూడొందలు. వాచ్‌మన్‌ది శ్రీకాకుళం వైపు, ఆయన్ని అడిగితే "బోల్డుమంది వస్తారు సార్" అని తేల్చేశాడు. గేటు అరగంట ముందు తెరవాలనీ, ఆడవాళ్ల టాయిలెట్ పొద్దున్నే తాళం తీసి ఉంచాలనీ అర్జీ పట్టుకెళ్తే, అధికారి ఒకాయన "ఎంతమంది, ఏ టైముకి?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. అలా 2023 ఆగస్టులో చందాలు వేసుకుని, ఒంటి వేడిని పసిగట్టి మనుషుల్ని లెక్కపెట్టే ఇన్‌ఫ్రారెడ్ కౌంటర్ ఒకటి కొన్నాం. నేను ట్రెజరర్‌ని కాబట్టి అది నా మెడకు చుట్టుకుంది.

దానికి ముందు చవకలో ఒక ప్రయత్నం చేశాం. మా మెంబర్ ఒకాయన కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, హెచ్‌సి-ఎస్‌ఆర్‌501 అనే చిన్న సెన్సార్‌తో ఒకటి తయారుచేసి ఇచ్చాడు. మెట్ల దగ్గర మనిషి రాగానే లైటు వెలిగించే రకం అది, వంద రూపాయల సరుకు. లైటుకి భేషుగ్గా పనికొస్తుంది. లెక్కకే పనికిరాదు. ఒకసారి మోగాక దాదాపు మూడు సెకన్ల పాటు మళ్లీ ఏమీ చూడదు, ఈలోగా వెనకాలే వచ్చినవాళ్లు లెక్కలోంచి పోతారు. పైగా దాని చూపు దాదాపు వంద డిగ్రీల మేర విచ్చుకుని ఉంటుంది కాబట్టి గేటు బయట ఆగిన ఆటో ఇంజిన్ వేడిని కూడా మనిషి కింద జమకట్టేది. పీవీసీ పైపు ముక్క తొడిగి చూపు ఇరుకు చేశాడు కుర్రాడు. కాస్త నయమైంది కానీ వాన పడగానే పైపులో చీమలు కాపురం పెట్టాయి.

తర్వాత కొన్నది ఆరుబయట దారుల కోసమే చేసిన యంత్రం. కంపెనీ పేరు చెప్పను, సర్వీసు గురించి నాలుగు మాటలు అనాల్సి ఉంది మరి. దిగుమతి సరుకు, అన్నీ కలుపుకుంటే ఒక స్కూటర్ ధరకి దగ్గరగా పడింది. దాని పని తీరు ఇదీ. మన ఒంటి వేడి కంటికి కనపడని కిరణాలుగా బయటికి వస్తూ ఉంటుంది. ఈ డబ్బా తనంతట తాను ఏ కిరణాలూ పంపదు, ఎదురుగా ఉన్న గోడ వేడికీ మధ్యలో అడ్డంగా కదిలిన దాని వేడికీ తేడా వచ్చిందా అని మాత్రమే చూస్తుంది. లోపల పక్కపక్కనే రెండు కళ్లుంటాయి. ఏది ముందు చూసిందన్న దాన్నిబట్టి మనిషి లోపలికి వచ్చాడో బయటికి వెళ్లాడో చెబుతుంది. పావుగంటకోసారి అంకె దాచుకుంటుంది. నెలకోసారి ఫోన్ పట్టుకెళ్లి బ్లూటూత్‌లో దించుకుంటాను.

బిగించే చోటు దగ్గరే మొదటి పాఠం నేర్చుకున్నాం. సెక్రటరీగారు నడక దారి మధ్యలో పెట్టించారు. ఒక్కొక్కరు ఎనిమిది రౌండ్లు కొట్టే దారి అది, అందరూ ఎనిమిదేసి సార్లు దాని ముందు నుంచి పోయారు. మొదటి వారం వచ్చిన అంకె చూసి ఆయన మొహం వెలిగిపోయింది. డబ్బా లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, దాటడాల్ని. ఇది అర్థమయ్యాక గేటు లోపల, ఇద్దరు పక్కపక్కన కష్టంగా పట్టే ఇరుకు చోట, నడుము ఎత్తులో బిగించాం. ఆ వారం లెక్క మరీ వింతగా వచ్చింది. ఆరా తీస్తే వాచ్‌మన్ కుర్చీ అక్కడే ఉంది, టీకి లేచిన ప్రతిసారీ ఆయన రెండు అంకెలు కలుపుతున్నాడు. కుర్చీ జరపమంటే "నేనూ మనిషినే కద సార్" అన్నాడు. న్యాయమే అనిపించింది కానీ కుర్చీ జరిపాం.

మద్రాసు ఎండ సంగతి అమ్మిన కంపెనీ ఒక్క ముక్క చెప్పలేదు. అది తెలియడానికి 2024 మే నెల దాకా పట్టింది. పొద్దున లెక్క మామూలుగానే ఉంది, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా అంకెలు మాత్రం సగానికి పడిపోయాయి. జనం ఉన్నారు, నేను కళ్లతో చూస్తున్నాను. మన చర్మం వేడి ముప్పై మూడు, ముప్పై నాలుగు డిగ్రీల దగ్గర ఉంటుంది. సాయంత్రం ఎండ తిన్న కాంపౌండ్ గోడ అంతకన్నా బాగా కాలి ఉంటుంది. గోడ చల్లబడుతూ ఒకానొక సమయంలో మనిషి వేడికి సమానంగా వచ్చేస్తుంది. అప్పుడు మన మామిగార్లు నలుగురు నడిచివెళ్లినా దానికి ఏమీ నడిచినట్టు ఉండదు. కంపెనీకి రాస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోమన్నారు! అప్‌డేట్‌తో గోడ చల్లబడుతుందా?

చివరికి డబ్బాని అటు వైపుకి మార్చి, గోడకు బదులు నందివర్ధనం పొదల వైపు చూసేలా తిప్పాం. ఆకులు నీటి ఆవిరి వదులుతుంటాయి కాబట్టి గోడలా కాలవు. సాయంత్రం లెక్క దారికొచ్చింది. అయితే గాలి వీచిన రోజు కొమ్మలు ఊగి, ఆకుల సందుల్లోంచి ఎండ పడీ పడకా దొంగ లెక్కలు మొదలయ్యాయి. ఇప్పుడు తోటమాలి పదిహేను రోజులకోసారి పొదల్ని పొట్టిగా కత్తిరిస్తున్నాడు. ఆయన సెలవు పెడితే ఆ వారం లెక్కని నేను నమ్మను.

చేత్తో లెక్కపెట్టి సరిచూసుకోకపోతే ఇందులో ఏ అంకెకీ విలువ లేదు. మైలాపూరులో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద ఉన్న పార్కులో (అమృతాంజనం, ఆంధ్రపత్రిక ఆయనవే, ఇది చెప్పకుండా ఉండలేను) ఒక ఆదివారం కూర్చుని మనిషికో గీత గీసి అలవాటు చేసుకున్నాను. పదిహేను నిమిషాలు గీతలు గీయడం, ఆ పదిహేను నిమిషాల యంత్రం అంకె పక్కన పెట్టుకోవడం, అంతే పని. మా గేటు దగ్గర మామూలు రోజు పొద్దున మేం నూరు లెక్కపెడితే అది తొంభై చెప్పింది, ఎందుకంటే ఆ వేళ వచ్చేవాళ్లు ఒంటరిగా చెవుల్లో ఏదో పెట్టుకుని నడిచేవాళ్లు. ఆదివారం సాయంత్రం నూరుకి డెబ్బై దాటలేదు. మొగుడూ పెళ్లాం పక్కపక్కన, చంకలో పిల్లాడు, వెనక తాతగారు. ఒకరి చాటున ఒకరు పోతే కనపడేది ఒక్కరే. బుడ్డి పిల్లలైతే దాని చూపు కిందుగా దూరిపోతారు. కాబట్టి యంత్రం అంకెని అసలు లెక్కకి తేవడానికి ఒక్క గుణకం పెట్టుకుని ఏడాది మొత్తాన్ని గుణిస్తే తప్పే వస్తుంది. నేను నాలుగు గుణకాలు వాడుతున్నాను, మామూలు రోజుకీ సెలవు రోజుకీ, పొద్దునకీ సాయంత్రానికీ వేరువేరుగా. అమెరికా నేషనల్ పార్కుల్లోనూ చాలాచోట్ల రోడ్డు మీద బండ్లను యంత్రం లెక్కపెడుతుంది, బండికి సగటున ఇంతమంది అని గుణించుకుంటారు. ఎక్కడైనా గుణకారం తప్పదన్నమాట.

వానకి మాత్రం వంక పెట్టలేను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానప్పుడు గేటు దగ్గర మోకాలి పైదాకా నీళ్లు నిలిచాయి, డబ్బా అంతకన్నా ఎత్తులో ఉండి బతికింది. అప్పటి నాలుగు రోజులూ వరసగా సున్నాలు. జనం రాక సున్నానా, పాడైపోయి సున్నానా అన్నది యంత్రం చెప్పదు. అందుకే పక్కన నోటు పుస్తకం పెట్టుకున్నాను: వాన, పండగ, గేటు తాళం, తోటమాలి సెలవు. ఒకసారి పది రోజులు లెక్క కారణం లేకుండా తగ్గితే వెళ్లి చూశాను, అద్దం మీద బల్లి హాయిగా అతుక్కుని ఉంది. అదీ రాసుకున్నాను. బ్యాటరీ ఇప్పటికి మార్చలేదు. కంపెనీ మాత్రం మన అంకెల్ని మనకే వెబ్‌లో చూపించడానికి ఏటా చందా అడుగుతోంది. కట్టలేదు, ఎక్సెల్ చాలు.

"ఇది కెమెరానా?" అని మొదటి నెలలో చాలామంది ఆడవాళ్లు నిలదీశారు. ఫొటో తీయదు, తీయలేదు అని తమిళంలోనూ తెలుగులోనూ ఒక బోర్డు రాయించాం. కెమెరా పెట్టి ఉంటే లెక్క ఇంకా బాగా వచ్చేదేమో కానీ జనం మొహాల ఫొటోలు భద్రపరిచే పని మా సంఘం నెత్తిన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇంతకీ కొన్న పని అయిందా? గేటు విషయంలో అయింది. తెరిచిన మొదటి పావుగంటలోనే జనం ఎలా ఎగబడుతున్నారో పావుగంటల వారీ అంకెలు చూపించాయి, ఇప్పుడు అరగంట ముందే తెరుస్తున్నారు. టాయిలెట్ విషయంలో డబ్బా అక్కరకు రాలేదు. వచ్చింది ఆడో మగో దానికి తెలియదు కదా. ఆ లెక్క మా మెంబర్లు ముగ్గురు వారం రోజులు గేటు దగ్గర నిలబడి గీతలు గీసి తెచ్చారు, పనిచేసింది కూడా ఆ కాగితమే. వెయ్యి, మూడొందలు రెండూ తప్పే అని తేలింది, సెక్రటరీగారి అంకెకన్నా నాదే కాస్త దగ్గరగా ఉంది. ఈ మాట మీటింగులో అనలేదు.

ఇలాంటిది కొనాలనుకునేవాళ్లు ముందు మీ చోటు ఇరుకైన దారా కాదా చూసుకోండి. మెరీనా, ఎలియట్స్ బీచ్ లాంటి నాలుగు వైపులా తెరిచి ఉన్న చోట ఇది దండగ. గిండీ చిల్డ్రన్స్ పార్కులా టికెట్ ఉన్న చోట టికెట్ పుస్తకమే లెక్క చెబుతుంది. రెండు మూడు గేట్లుంటే అన్నిటికీ పెట్టాలి, లేదంటే వచ్చినవాళ్లు ఒక గేటులో, వెళ్లినవాళ్లు ఇంకో గేటులో పోయి, నెలాఖరుకి పార్కు లోపల ఇంకా నాలుగొందల మంది ఉన్నారని యంత్రం చెబుతుంది.

మా పార్కుకి వెనక వైపు చిన్న గేటు కొత్తగా తెరిచారు. దానికీ ఒకటి కొందామని సంఘంలో మాట వచ్చింది. పొద్దున ఐదింటికి అక్కడ నిలబడి గీతలు గీసేవాళ్లు ఇద్దరు దొరికితే కొందాం అన్నాను. ఇప్పటికి ఒక్కరు ఒప్పుకున్నారు.